ఎలుగుబంటి ఎందుకు చచ్చింది?
(కంప్యూటరు చీట్లాటలో నియమాల తప్పులు, వాటి మరమ్మతు)

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, కంప్యూటర్ సైన్సు

కిందటి డిసెంబరులో మా హాస్టలు గదిలో ఒక ఎలుగుబంటి అన్యాయంగా చచ్చిపోయింది. చంపినవాణ్ణి నేనే. ఆయుధం నేను రాసిన ప్రోగ్రాము. పాఠకులు కంగారు పడనక్కరలేదు, ఆ ఎలుగుబంటి కాగితం ముక్క మీద బొమ్మ. కాని దాని చావులో ఉన్న తిరకాసు విప్పడానికి నాకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. ఆ క్రమంలో తరగతిలో చదువుకున్న స్టాకూ, సెట్లూ, ఆఖరికి ట్యూరింగు మహాశయుడూ కూడా ఎదురయ్యారు. ఆ సంగతులు నాలాటి తోటి విద్యార్థులకు పనికొస్తాయేమోనని ఈ వ్యాసం.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. పేరు 'మ్యాజిక్: ది గేదరింగ్'. దీన్ని రూపొందించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ అమెరికాకు చెందిన గణిత శాస్త్రజ్ఞుడు. 1993లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ దీన్ని విడుదల చేసింది. మన పేకలో యాభైరెండు ముక్కలే గదా, ఇందులో ఇప్పటికి పాతికవేల పైచిలుకు రకాల ముక్కలున్నాయి. ఎవరి కట్ట వారే ఏరి కూర్చుకోవాలి, ముక్కలు మార్చుకోవచ్చు, కొనుక్కోవచ్చు. ముక్కల్లో భూములుంటాయి, జీవులుంటాయి, మంత్రాలుంటాయి. భూమి ఉంటేనే మంత్రం పండుతుంది. అయితే ఒక వంతుకు ఒక్క భూమి కంటే ఎక్కువ వేయరాదు. ఇది మా నాన్నగారికి చెబితే "అక్కడ కూడా ల్యాండు సీలింగేనట్రా?" అన్నారు.

ఈ ఆటకున్న విశేషం ఏమంటే, ప్రతి ముక్కా తన మీద రాసి ఉన్న వాక్యంతో ఆట నియమాన్నే కొంత మార్చేస్తుంది. పాతికవేల ముక్కలంటే పాతికవేల సవరణలున్న చట్టం అన్నమాట. మూల నియమాల గ్రంథమే 250 పేజీలు దాటి ఉంటుంది. బల్ల మీద ఆడేటప్పుడు పేచీ వస్తే పెద్దమనిషి ఒకడు తీర్పు చెబుతాడు. కంప్యూటరులో ఆడేటప్పుడు ఆ పెద్దమనిషి ప్రోగ్రామే. 2002లో 'మ్యాజిక్ ఆన్‌లైన్', 2019లో 'మ్యాజిక్ ఆరీనా' పూర్తి స్థాయిలో వచ్చాయి. ఆరీనాలో ముక్క మీది ఇంగ్లీషు వాక్యాన్ని యంత్రమే చదివి నియమంగా మార్చుకునే ఏర్పాటు కూడా చేశారు. మేమంత గొప్పవాళ్ళం కాము. ముగ్గురు మిత్రులం కలిసి రెండువందల ముక్కలకు సరిపోయే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాం, అంతే. ఎందుకంటే అసలు ముక్కలు కొనాలంటే మెస్సు బిల్లు కట్టలేం.

ఇక ఆ రోజు జరిగిన ఆట. పందెం వారం రోజుల టీలు. (పందెం మాట వార్డెనుగారి దాకా వెళ్ళకూడదని మనవి.) ఎదుట కూర్చున్నవాడు మా గదివాడే, ఆట నేర్చుకుని పది రోజులైంది. నా దగ్గర 'హిల్ జయింట్' అనే 3/3 జీవి ఉంది. మొదటి అంకె బలం, అంటే అది కొట్టే దెబ్బ. రెండవది ఓర్పు, అంటే అది తట్టుకోగల దెబ్బ. నేను దానితో దాడి చేశాను. వాడు తన 'గ్రిజ్లీ బేర్స్' అనే 2/2 ఎలుగుబంటిని అడ్డం పెట్టి, దాని మీద 'జయింట్ గ్రోత్' మంత్రం వేశాడు. ఈ వంతు అయ్యేదాకా +3/+3. ఎలుగుబంటి 5/5 అయింది. వెంటనే నేను 'టర్న్ టు ఫ్రాగ్' వేశాను. ఈ వంతు అయ్యేదాకా ఆ జీవి శక్తులన్నీ పోయి, మూల విలువ 1/1 గల నీలం కప్ప అవుతుంది. తెర మీద 1/1 అని పడింది. నా జయింటు ఒక దెబ్బ తిని బతికింది, ఎలుగుబంటి మూడు దెబ్బలు తిని చచ్చింది. ఆ దెబ్బతో ఆట నాది.

వాడు తెర వంక చూసి, "ఒరేయ్, నా మూడు ఏమైందిరా? కప్ప ఒకటైతే, నా మూడు కలిపి నాలుగు కావాలి కదా?" అన్నాడు.

నాకు లోపల ఎక్కడో చిన్న అనుమానం తగిలింది. అబద్ధం ఎందుకు, తగిలింది. అయినా నేనన్న మాట ఇది: "ప్రోగ్రాము చెప్పింది కదరా."

వాడు ఇంకేమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం నుంచి వారం రోజులు నాకు టీ తాగించాడు.

ఆ మాట నేనెక్కడో విన్నాననిపించింది. నాలుగో రోజో ఐదో రోజో, క్యాంటీనులో గ్లాసు చేతిలో ఉండగా గుర్తొచ్చింది. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా నాన్నగారితో ధాన్యం తోలుకుని వెళ్ళాను. ఇంట్లో మేమే తూచి కట్టిన నలభై బస్తాలు, బస్తాకు 75 కిలోలు. మూడు వేల కిలోలు ఉండాలి. అక్కడి ఎలక్ట్రానిక్ కాటా మీద 2,910 అని పడింది. తేమకూ తరుగుకూ వేరే కోత ఉంటుంది, ఇది దానికి ముందే. నాన్నగారు అడిగితే అక్కడి గుమాస్తా కుర్రవాడు తల ఎత్తకుండానే "కాటా చెప్పింది కదండీ" అన్నాడు. నాన్నగారు కూడా ఇంకేమీ మాట్లాడలేదు. ఊరూ పేరూ ఎందుకు గాని, ఆ తొంభై కిలోలు మా ఇంట్లో చాలాకాలం మాటల్లోకి వస్తూ ఉండేవి. టీ గ్లాసు కింద పెట్టి గదికి వచ్చి నియమాల గ్రంథం తెరిచాను.

మావాడన్నదే నిజం. 613వ నియమంలో ఉంది.

ఈ 613వ నియమమే వ్యాసానికి గుండెకాయ, కనుక కాస్త నిదానంగా చెబుతాను. ఒక జీవి మీద ఒకే సమయంలో అనేక మంత్రాల ప్రభావం ఉండవచ్చు. అప్పుడు దాని విలువ ఎంత? ఏ మంత్రం ముందు వేశారో అది ముందు, తరవాతది తరవాత అని మనకు తోస్తుంది. నేను రాసిందీ అలాగే. రెండుకు మూడు కలిపితే ఐదు. తరవాత కప్ప వచ్చి ఐదును చెరిపి ఒకటి రాసింది. కాని నియమం అలా లేదు. ప్రభావాలను ఏడు పొరలుగా విభజించారు. నకలు చేసేవి మొదటి పొర, స్వాధీనం మార్చేవి రెండు, ముక్క మీది మాటలు మార్చేవి మూడు, జాతి మార్చేవి నాలుగు, రంగు ఐదు, శక్తులను ఇచ్చేవీ తీసేసేవీ ఆరు, బలం–ఓర్పులను మార్చేవి ఏడు. ఈ ఏడవ పొరలో మళ్ళీ ఉపపొరలు. మూల విలువను ఇంత అని నిర్ణయించేవి ముందు, కలిపేవీ తీసేసేవీ ఆ తరవాత, బలాన్నీ ఓర్పునూ తారుమారు చేసేవి చివర. ఒకే పొరలో రెండుంటేనే కాలక్రమం చూడాలి.

ఇప్పుడు లెక్క కట్టండి. కప్ప మంత్రం మూల విలువను నిర్ణయించేది, కనుక అది ముందు: 1/1. జయింట్ గ్రోత్ కలిపేది, కనుక అది తరవాత: 4/4. ఏది ముందు వేసినా ఇదే జవాబు. అంటే ఆ రోజు ఎలుగుబంటి మూడు దెబ్బలు తిని బతకాలి, నాలుగు దెబ్బలు తిన్న నా జయింటు చావాలి. ఫలితం పూర్తిగా తిరగబడిందన్నమాట.

మరి ఇంతకాలం ఈ తప్పు ఎందుకు బయటపడలేదు? మేము పరీక్షించినప్పుడల్లా కప్పను ముందు వేసి, గ్రోత్‌ను తరవాత వేశాం. ఆ వరుసలో నా తప్పు పద్ధతికి కూడా నాలుగే వస్తుంది. తప్పు పద్ధతికి సరైన జవాబు రావడం కంటె ప్రమాదం ఇంకొకటి లేదు. మా లెక్కల మాస్టారు స్టెప్పులకు ఎందుకు మార్కులు వేసేవారో ఇప్పుడు అర్థమైంది.

ఇక మరమ్మతు. మొదట నేను చేసింది సిగ్గుపడాల్సిన పని. "కప్ప మంత్రమైతే, అంతకుముందు గ్రోత్ ఉంటే మూడు కలుపు" అని ఒక పంక్తి తగిలించాను. ఆ రోజుకు సరిపోయింది. మర్నాడు 'హ్యుమిలిటీ' అనే ముక్క చేర్చాం. అది వస్తే జీవులన్నీ శక్తులు పోగొట్టుకుని మూల విలువ 1/1 అవుతాయి. మళ్ళీ అదే తప్పు. ఇంకో పంక్తి తగిలించాను. కాలువ గట్టుకు గండి పడితే గడ్డి కుక్కినట్టు, ఇక్కడ పూడిస్తే అక్కడ కారింది.

దాని వెనకే ఇంకో వింత బయటపడింది. గ్రోత్ గడువు తీరగానే నా ప్రోగ్రాము ఉన్న అంకెలోంచి మూడు తీసివేసేది. కప్ప గడువు తీరగానే, కప్ప కాకముందు రాసిపెట్టుకున్న అంకెను తిరిగి పెట్టేది. వేసిన వరుసలోనే తీసేది. కప్ప ముందు, గ్రోత్ తరవాత వేశామనుకోండి. వంతు చివర కప్ప పోయి పాత విలువ 2 వచ్చేది, ఆ పైన గ్రోత్ పోతూ మూడు తీసుకుపోయేది. 2 – 3 = –1. ఓర్పు సున్నాకు దిగితే జీవి చావాల్సిందే గనుక, ఎవరూ కొట్టకుండానే ఎలుగుబంటి చచ్చేది! అదే గ్రోత్ ముందు, కప్ప తరవాత అయితే, మూడు తీసివేశాక కప్ప పోతూ పాత విలువ 5ను తిరిగి పెట్టేది. మంత్రం పోయినా ఎలుగుబంటి శాశ్వతంగా 5/5 గా మిగిలేది. ఒకే రెండు మంత్రాలకు ఒక వరుసలో చావు, ఇంకో వరుసలో చిరంజీవత్వం.

దీన్నిబట్టి నాకు తెలిసిందేమంటే, తప్పు కప్పలోనూ లేదు, గ్రోత్‌లోనూ లేదు. జీవి విలువను ఒక డబ్బాలో దాచి, దాన్ని కొడుతూ రాస్తూ ఉండటంలోనే ఉంది. దాచవలసింది విలువను కాదు, కారణాలను. ముక్క మీద అచ్చైన 2/2 ను ఎన్నడూ ముట్టుకోకూడదు. దాని మీద ఇప్పుడు అమలులో ఉన్న ప్రభావాల జాబితా మాత్రం ఉంచుకోవాలి. ఎవరైనా "ఇప్పుడెంత?" అని అడిగిన ప్రతిసారీ అచ్చు విలువ నుంచి మొదలుపెట్టి, జాబితాను పొరల వారీగా, ఆపైన కాలక్రమంగా పేర్చి, మళ్ళీ మొదటి నుంచి లెక్క కట్టాలి. గడువు తీరితే జాబితాలోంచి పేరు కొట్టేస్తే చాలు, తీసివేతలూ పాత అంకెలూ ఏమీ అక్కరలేదు. తగిలించిన పంక్తులన్నీ పీకేసి ఇలా తిరిగి రాయడానికి సంక్రాంతి సెలవులు మొత్తం పట్టాయి. ఇంటి దగ్గర కరెంటు పోయినప్పుడల్లా కాగితం మీద రాశాను. ఒక్కసారి పూర్తయ్యాక కప్ప, హ్యుమిలిటీ, ఇంకా అప్పటికి మేము కనిపెట్టని ఆరేడు తప్పులు వాటంతటవే సర్దుకున్నాయి.

రెండవ తప్పు వేరే జాతిది. 'రాత్ ఆఫ్ గాడ్' అనే మంత్రం జీవులన్నిటినీ ఒకేసారి నాశనం చేస్తుంది. 'బ్లడ్ ఆర్టిస్ట్' అనే జీవి ఉంది. అది గాని, ఇంకొక జీవి గాని చచ్చినప్పుడల్లా ఒక ఆటగాడు ఒక ప్రాణం కోల్పోతాడు, దాని యజమానికి ఒకటి వస్తుంది. బల్ల మీద బ్లడ్ ఆర్టిస్టూ మరి మూడు జీవులూ ఉండగా రాత్ పడితే, ఆ శక్తి నాలుగుసార్లు పనిచేయాలి. మాకు ఒక్కసారే పనిచేసింది. కారణం చూస్తే, నా ప్రోగ్రాము జీవులను ఒక్కొక్కటిగా తీసుకువెళ్ళి శ్మశానంలో పెడుతోంది. ముందు వచ్చింది గనుక బ్లడ్ ఆర్టిస్టే ముందు పోయింది. మిగిలిన మూడూ చచ్చేటప్పుడు చూసే దిక్కు లేదు. 'ఒకేసారి' అన్న మాట మనిషికి తేలిక, యంత్రానికి కష్టం. యంత్రానికి ఎప్పుడూ ఒకదాని వెనుక ఒకటే. కనుక చచ్చేవాటి జాబితా ముందే రాసుకుని, అందరినీ పంపించాక, చావుకు ముందరి క్షణంలో బల్ల ఎలా ఉందో వెనక్కి తిరిగి చూసి సాక్షులను లెక్కించాలి. నియమాల గ్రంథంలో కూడా చావు విషయంలో ఇలా వెనక్కి చూడమనే ఉంది.

స్టాకు సంగతి క్లుప్తంగా చెబుతాను, క్లాసులో అందరం విన్నదే. మంత్రాలు పళ్ళెం మీద పళ్ళెంలా పేరుకుంటాయి, చివర వేసింది ముందు పనిచేస్తుంది. ఈ పద్ధతి ఆటలోకి 1999లో వచ్చింది. అప్పట్లో యుద్ధంలో దెబ్బలు కూడా స్టాకు మీదికి ఎక్కేవి. 2009లో ఆ నియమం తీసేశారు. అంటే 2009కి ముందు ఏ తప్పూ లేని ప్రోగ్రాము ఒకటి ఉందనుకున్నా, ఒక్క అక్షరం మారకుండానే అది తప్పుదైపోయింది. తప్పు అనేది ప్రోగ్రాములో ఒక్కచోటే ఉండదు, ప్రోగ్రాముకూ గ్రంథానికీ మధ్య ఉంటుంది. 2014లో వచ్చిన 'హార్త్‌స్టోన్' అనే ఆట విషయం ఇంకా తమాషా. అది కాగితం మీద పుట్టలేదు, కంప్యూటరులోనే పుట్టింది. పక్కన పెట్టి సరిపోల్చుకోవడానికి ఇలాంటి సమగ్ర గ్రంథం లేక, ఆటగాళ్ళే ప్రయోగాలు చేసి నియమాలు రాబట్టారు. అక్కడ ఎలుగుబంటి చస్తే అది తప్పో, నియమమో ఎవరు చెప్పాలి? కాటా రాయి లేని కాటా అది. నాకైతే గ్రంథమున్న ఆటే ఇష్టం.

మూడవ తప్పుతో మా ల్యాప్‌టాపు వేడెక్కి ఫ్యాను మోగిపోయింది. 'ఆబ్లివియన్ రింగ్' అనే ముక్క వస్తూనే భూమి కాని మరొక ముక్కను బహిష్కరిస్తుంది. తాను పోతే దాన్ని తిరిగి రప్పిస్తుంది. బల్ల మీద భూములు తప్ప ఇంకేమీ లేకుండా ఇలాంటివి మూడు చేరాయనుకోండి. మొదటిది రెండవదాన్ని బయటికి పంపి ఉంది. మూడవది వచ్చి మొదటిదాన్ని పంపింది. మొదటిది పోయింది గనుక రెండవది తిరిగొచ్చి, మూడవదాన్ని పంపింది. మూడవది పోయింది గనుక మొదటిది తిరిగొచ్చి, రెండవదాన్ని పంపింది. ఇలా అంతు లేదు. ఆపే వీలు ఎవరికీ లేకపోతే ఆట సమానమని నియమం. మనిషి రెండు చుట్లు చూసి "ఇది తెమలదురా" అని లేచిపోతాడు. ప్రోగ్రాముకు ఆ తెలివి ఎలా చెప్పాలి?

బల్ల మళ్ళీ పాత స్థితికే వస్తే ఆపమని చెప్పవచ్చు. కాని ప్రతి చుట్టుకూ ఒక ప్రాణం పెరుగుతూ ఉంటే స్థితి ఎన్నడూ తిరిగి రాదు. దీనికి పూర్తి జవాబు దొరకదని ఋజువే ఉంది. ఏ ప్రోగ్రాము ఆగుతుందో, ఏది ఆగదో ముందే చెప్పగల సార్వత్రిక పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లో నిరూపించాడు. 2019లో చర్చిల్, బైడర్‌మన్, హెరిక్ అనే ముగ్గురు, ఈ ఆట ముక్కలతోనే ట్యూరింగ్ యంత్రాన్ని కట్టవచ్చని చూపించారు. కనుక ఈ ఆటలోనూ ఆ సమస్య అలాగే ఉంది. మేము వెయ్యి చుట్లు దాటితే ఆగి ఆటగాళ్ళను అడిగేలా రాశాం. ఇది నియమం కాదు, రాజీ. అయినా యంత్రం తనకు తెలియదని ఒప్పుకుని మనిషిని అడగడం నాకు బాగానే ఉంది.

పద్ధతి గురించి ఒక్క మాట. ఇప్పుడు ఏ తప్పు దొరికినా వెంటనే బాగుచేయడానికి పోము. ముందు ఆ తప్పును మళ్ళీ పుట్టించే చిన్న ఆట ఒకటి రాస్తాం: హిల్ జయింటు, ఎలుగుబంటి, రెండు మంత్రాలు, చివర "ఎలుగుబంటి బతకాలి" అని. అది తప్పు చూపించాలి. చూపించకపోతే మాకు తప్పు అర్థం కానట్టే. ఆపైన మరమ్మతు. ప్రతి మార్పు తరవాత పాత చిన్న ఆటలన్నీ మళ్ళీ ఆడిస్తాం. వరుస మార్చి కూడా ఆడిస్తాం. ఇప్పటికి 140 దాకా పోగయ్యాయి.

సంక్రాంతి సెలవులై తిరిగొచ్చిన రోజు రాత్రి, దాచి ఉంచిన ఆ డిసెంబరు ఆటను కొత్త ప్రోగ్రాములో మావాడి ముందు మళ్ళీ నడిపించాను. కప్ప పడింది. 4/4. జయింటు చచ్చింది. వాడు చాలాసేపు తెర వంకే చూశాడు. "నీకు ఆ రోజే తెలుసా?" అని అడిగాడు.

"అనుమానమొచ్చింది" అన్నాను.

"మరి చెప్పలేదేం?"

దానికి జవాబు నా దగ్గర లేదు. వారం రోజుల టీలు తిరిగి ఇస్తానన్నాను. వాడు వద్దని, ఆటను ఎలుగుబంటి బతికి ఉన్నచోటు నుంచి మొదలుపెట్టమన్నాడు. ఆడాం. ఆరు వంతుల తరవాత మళ్ళీ నేనే గెలిచాను. ఈసారి వాడు పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు తప్పుల పుస్తకం వాడి దగ్గరే ఉంటుంది. కొత్తగా వచ్చిన పద్దు 'బ్లడ్ మూన్', 'అర్బోర్గ్' అనే రెండు ముక్కలది. అర్బోర్గ్ ఒక ప్రత్యేక భూమి, అది ఉంటే భూములన్నీ బురదనేలలు కూడా అవుతాయి. బ్లడ్ మూన్ వస్తే మామూలువి కాని భూములన్నీ కొండనేలలైపోతాయి, అర్బోర్గ్‌తో సహా. కొండ అయిపోయిన అర్బోర్గ్‌కు తన శక్తి ఉండదు. కనుక రెండూ ఒకే పొరలో ఉన్నా, ఏది ముందు వచ్చినా, బ్లడ్ మూన్‌నే ముందు లెక్కించాలి. ఒకటి మరొకదాని ఉనికినే మార్చేటప్పుడు కాలక్రమం చెల్లదని 613లోనే ఇంకో మెలిక ఉంది. మా ప్రోగ్రాము ఇంకా కాలక్రమమే చూస్తోంది, ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి తేలలేదు. ఆ పద్దు ఎదురుగా మావాడు ఎర్ర సిరాతో, "ఇది తేలేదాకా ఈ రెండు ముక్కలూ ఎవరూ వాడరాదు. రాసినవాడు కూడా" అని రాసిపెట్టాడు.